‘అవును’ అని నొక్కిన వేలు

పోయిన వారం మనం రేవతిని వసారాలో వదిలిపెట్టాం. చేతిలో ఫోను, ముందర కంచంలో ఆరిపోయిన అన్నం. తెల్లారితే డెబోరా వస్తానంది. ఆ రాక ఎలా తప్పించుకోవాలా అని ఆలోచిస్తూ ఆమె అలాగే కూర్చుండిపోయింది.

ఇప్పుడే కథలోకి అడుగుపెట్టినవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. రైతులు తమ చెరువుల్లోని రొయ్యల్ని నెల్లూరులోని నీలివల ల్యాబుకు పరీక్షకు పంపుతారు. ఫలితం కంప్యూటర్లోకి ఎక్కించి, రైతుకు ఫోను చేసి చెప్పడం రేవతి పని. ఆ పని ఆమె ఇందుకూరుపేట దగ్గర తన ఇంట్లో కూర్చునే చేస్తుంది. కోటలో ఉండే డెబోరాదీ అదే పని. ఫలితం ముందుగా రైతు చెవినే పడాలి, ఆ తర్వాతే ఎవరికైనా. అది ల్యాబు కట్టుబాటు. అలాంటిది, పద్మనాభయ్య అనే రైతు చెరువులో, రొయ్యల్ని చంపేసే తెల్లమచ్చ రోగం ఉందేమోనన్న అనుమానం ఆయనకంటే ముందు బేరగాళ్లకు తెలిసిపోయింది. అందరూ ఒక్కమాట మీద రేటు పడగొట్టారు. ఆయన బెదిరిపోయి వేలెడు లేని రొయ్యల్ని అడ్డికి పావుశేరు చేసి పట్టించేశాడు. రెండో పరీక్షలో రోగమే లేదని తేలింది. అప్పటికి చెరువులో నీళ్లు కూడా లేవు.

ఆ ఫలితం ఆ రోజు తెరుచుకుంది డెబోరా పేరు మీద. ల్యాబు ఆమె కనెక్షను ఆపేసి, ఈ మధ్యాహ్నం విచారణ పెట్టింది. కానీ ఆ పేరుతో లోపలికి వెళ్లింది రేవతి. ఈ సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

డెబోరా పొద్దెక్కకముందే ఆటో దిగింది. చేతిలో తాటిముంజల గెల. తిట్టడానికి వచ్చే మనిషి ముంజలు తెస్తుందా?

"రామ్మా, రా. నీ పేరు ఈ ఇంట్లో రోజుకు పదిసార్లు వింటా ఉంటా. మనిషిని ఇప్పుడే చూడ్డం," అంది అత్తగారు మస్తానమ్మ. "ఎండనబడి వచ్చినావు. చేపల పులుసు పొయ్యి మీదుంది. తినకుండా పోతే ఊరుకోను."

"తినే పోతాలే అత్తా," అని డెబోరా నవ్వింది. పని పోయేలా ఉన్న మనిషి నవ్వు కాదది. చుట్టాలింటికి వచ్చిన పిల్ల నవ్వు.

పక్కన కూర్చుని ముంజలు ఒలుస్తుంటే ఆమె వేళ్లు కనిపించాయి. గోళ్ల చుట్టూ చర్మం ఇంకా తెల్లగా, ముడతలుపడి ఉంది. డిగ్రీ చదువుతూనే రొయ్యలు ఒలిచే షెడ్డులో పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి పనిచేసిన పిల్ల ఆమె. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఆ షెడ్డే. ఆ మాట డెబోరా ఎప్పుడూ అనలేదు. రేవతికి మాత్రం ఆ వేళ్లు చూసినప్పుడల్లా అదే వినిపిస్తోంది.

ఆడపిల్లల చేత ఇంటి నుంచి పని చేయించడానికి ల్యాబు మొదట ఒప్పుకోలేదు. వానాకాలంలో రోడ్డు తెగిపోయి సగంమంది రాలేకపోయిన ఏడాది, వేరే దారిలేక వీపీఎన్ పెట్టించారు. కంప్యూటర్లు చూసే రాజ్ కుమార్ అందర్నీ కూర్చోబెట్టి చెప్పిన పాఠం రేవతికి ఇప్పటికీ నోటికి వచ్చు.

"ఉప్పుకాలువ నుంచి మీ చెరువులకు నీళ్లెట్టా తెచ్చుకుంటారు? పక్కోడి చేను కింద పైపు వేసుకుంటారు గదా. చేను వాడిది, పైపులో నీళ్లు మీవి. దోవలో ఎవురూ ముంచుకోలేరు, ఏదీ కలపలేరు. ఇదీ అంతే. ఇంటర్నెట్టు అందరిదీ. దాంట్లో మన ల్యాబు నుంచి మీ ఇంటికి వేసిన పైపు ఇది. ల్యాబు చివర నేను కాపలా ఉంటా. మీ ఇంటి చివర మీరే ఉండాల."

పైపు బాగా పనిచేసింది. మనుషులు నెల్లూరు పోనవసరం లేకుండానే ల్యాబు పని జరిగింది. శుక్రవారం కోటలో సంత చేసుకుని, పులుసు దించి, పిల్లలకు జడలు వేసి కూడా ఆ ఆడవాళ్లు ఒక్క రైతుకూ ఫోను ఆలస్యం చేయలేదు. ల్యాబు ఇంకో రెండు మండలాలకు పెరిగింది కూడా ఈ పైపు చలవే.

చిక్కల్లా కరెంటుతో వచ్చింది. వేసవిలో ఇక్కడ పోతుంది, అక్కడ ఉంటుంది. పని మధ్యలో పోతే ఆ పేరు లోపలే ఇరుక్కుని, చాలాసేపటిదాకా మళ్లీ తెరుచుకోదు. రైతులు ఒకరి జనరేటరు ఒకరు వాడుకున్నట్టే, వీళ్లిద్దరూ ఒకరి పేరు ఒకరు వాడుకోవడం మొదలుపెట్టారు. డెబోరా ఇంట కరెంటు పోతే ఆమె వేరేచోట నుంచి రేవతి పేరుతో పని ముగించేది, రేవతికి పోతే రేవతి అలాగే చేసేది. లోపలికి వెళ్లేటప్పుడు అసలు మనిషి ఫోనులో ‘ఇది మీరేనా?’ అని ఒక ప్రశ్న వస్తుంది. కింద ‘అవును’, ‘కాదు’. మొదట్లో ముందే ఫోను చేసి, "నొక్కక్కా," "నొక్కు పాపా," అని చెప్పుకునేవాళ్లు. తర్వాత ఆ చెప్పుకోవడం కూడా మానేశారు. ప్రశ్న వస్తే చాలు, అవతల ఉన్నది మన మనిషే కదా అని ‘అవును’ నొక్కేవాళ్లు. ఒకరి అవసరానికి ఇంకొకరు నిలబడ్డామనే అనుకున్నారు తప్ప తప్పు చేస్తున్నామని ఇద్దరికీ తోచలేదు.

"అక్కా," అంది డెబోరా గొంతు తగ్గించి. "రాజ్ కుమార్ సారుకు ఒక మాట చెప్పినా. నువ్వూ అదే చెప్పాల."

"ఏం చెప్పినావు?"

"ఆ రోజు నేనే మీ ఇంటికొచ్చి, ఇక్కడ కూర్చుని పని చేసినానని. కోటలో ఉండాల్సిన మనిషి ఇందుకూరుపేట వైపు నుంచి లోపలికెట్టా వచ్చిందని అడిగినాడు మరి. పాస్‌వర్డు ఇచ్చినానంటే ఇద్దరి పనీ పోతుంది. ఇట్టయితే పోయేది నాదొక్కటే."

రేవతి చేతిలో ముంజ అలాగే ఉండిపోయింది.

"ఎందుకు పాపా అట్టా చెప్పినావు?"

"నాకు ప్రాణం బాగలేనప్పుడు నెలంతా నా పని నువ్వు లాగలేదా?" అంది డెబోరా, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు. "ఏ ఇంటి ఇంటర్నెట్టు లైను మీద నుంచి తెరిచినారో కూడా మధ్యాహ్నానికి తెలిసిపోతుందంట. తెలిస్తే తెలవనీ. మీ ఇంటిదే గదా. నా మాట నిజమే అయిపోతుంది."

కానీ ఆ లైను ఈ ఇంటిది కాదు.

ఆ రోజు ఊళ్లో కరెంటు లేదు. ల్యాప్‌టాప్ చచ్చిపోయింది. పిన్నమ్మ కొడుకు మధుబాబుకు మైపాడు రోడ్డులో రొయ్యల మేత షాపుంది, అందులో ఇన్వర్టరుంది. అతని కంప్యూటరులో వీపీఎన్ ఎప్పుడో పెట్టుకుంది రేవతి. పాస్‌వర్డు గుర్తుపెట్టుకోమంటావా అని అది అడిగితే పెట్టుకోమంది. ఆ రోజు కరెంటు పోయినప్పుడు తన పేరు లోపలే ఇరుక్కుని మళ్లీ తెరుచుకోకపోతే, డెబోరాకు ఫోను చేసి ఆమె పేరుతో వెళ్లింది. పద్మనాభయ్య ఫలితం కనిపించింది, తెల్లమచ్చ అనుమానమని. ముందు రైతుకే చెప్పాలి కదా. షాపులో బస్తాలు దించే గోలలో మాట వినపడదని ఫోను పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఆయన ఎత్తలేదు. మళ్లీ చేసింది, మళ్లీ ఎత్తలేదు. లోపల తెర అలాగే వెలుగుతూ ఉంది. పక్కన మధు ఉన్నాడు. అతను మేతే కాదు, రొయ్యల బేరాలు కూడా చేస్తాడు.

కట్టుబాటు తప్పకూడదని బయటికి వచ్చిన మనిషే పైపు మూత తీసి పెట్టి వచ్చింది. అప్పటినుంచీ రేవతికి నిద్ర లేదు.

"డెబోరా, ఒక మాట," అని మొదలుపెట్టింది.

అత్తగారు మజ్జిగ గ్లాసులతో వచ్చింది. మాట ఆగిపోయింది. నిజం చెప్పుకోవాలంటే మస్తానమ్మ రాకపోయినా రేవతి ఆ పూట చెప్పి ఉండేది కాదు. గొంతుదాకా రావడం, అడ్డం ఏదో దొరకగానే వెనక్కి పోవడం, ఆ మాటకు ఇన్ని రోజులుగా అలవాటైపోయింది. మజ్జిగ తాగుతూ తన పిరికితనానికి తానే అసహ్యపడింది.

"పెంచల్ యాడమ్మే? చుట్టాలొచ్చినారని చెప్పకూడదా," అంది మస్తానమ్మ.

"మధన్న గూడూరులో పెళ్లికి పోయినాడత్తా. షాపు చూసుకోమన్నాడంట. తాళాలు తీసుకుని పొద్దున్నే పోయినాడు," అంది రేవతి.

పెంచల్ ఆమె భర్త. ఐసు వ్యాను తోలుతాడు. వ్యానుకు పనిలేని రోజుల్లో బావమరిది షాపులో బస్తాలకు చేయి సాయం చేస్తాడు.

డెబోరా గ్లాసు కింద పెట్టింది. "అక్కా, మీటింగుకు ఇంకా పొద్దుంది. నన్ను ఆ పద్మనాభయ్య దగ్గరికి తీసుకుపో. ఆయన నన్ను దొంగననుకుంటా ఉంటాడు. పనిపోతే పోనీ గానీ, ఆ మాట నాకు పడదు."

వచ్చి తింటామని అత్తకు చెప్పి, రేవతి చెప్పులు వేసుకుంది.

చెరువు ఉప్పుకాలువ ఒడ్డున ఉంది. పీతలు రాకుండా కట్టిన నీలం వల చుట్టూ అలాగే ఉంది. కాకులు దిగకుండా లాగిన తీగలు పైన అలాగే ఉన్నాయి. లోపల మాత్రం నేల బీటలిచ్చి, చల్లిన సున్నం తెల్లగా మెరుస్తోంది. గట్టు ఎక్కేచోట ప్లాస్టిక్ తొట్టి, అందులో ఊదారంగు మందునీళ్లు. ఒకరి చెరువు రోగం ఇంకొకరి చెరువుకు కాళ్లతో రాకూడదని, ఆ నీళ్లలో పాదాలు ముంచకుండా పద్మనాభయ్య ఎవర్నీ గట్టెక్కనివ్వడు. ఇప్పుడు కాపాడుకోవడానికి లోపల ఒక్క రొయ్య కూడా లేదు.

"కాళ్లు ముంచి రాండి," అన్నాడాయన మోటారు షెడ్డు నీడలోంచి.

డెబోరా చెప్పులు విడిచి, ముంచి, ఎక్కింది. రేవతి తొట్టిలో దిగి అక్కడే నిలబడింది.

"పెద్దయ్యా, నేను డెబోరాని. మీ రిజల్టు బయటపెట్టింది నేనని చెప్పుంటారు. నేను ఎవురికీ చెప్పలేదు. ఆ మాట మీ ఎదుట చెప్పాలని వచ్చినా."

పద్మనాభయ్య చూపులో కోపం లేదు, అలసట ఉంది.

"మా తమ్ముణ్ణి కూడా కాళ్లు ముంచకుండా ఈ గట్టు మీదికి రానియ్యలేదమ్మా నేను. పక్క చెరువులో దిగొచ్చినోడైతే ఆ పొద్దు రానే రానియ్యను. రోగమంటే కాళ్లతోనే వస్తుందనుకున్నా. రోగం రానేలేదు. మాట వచ్చింది. ఆ మాటకే చెరువు పోయింది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పలేదంటే నమ్ముతా. మరి ఎవురు చెప్పినట్టు?"

"తెలీదు పెద్దయ్యా."

"నాకు తెలుసు," అంది రేవతి.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆమె ఇంకా తొట్టిలోనే ఉంది. పాదాలు ఊదారంగుకు తిరుగుతున్నాయి.

"గట్టెక్కకముందే చెప్పాల నేను. ఆ పొద్దు డెబోరా పేరుతో లోపలికి పోయింది నేను. మా ఇంట్లో కాదు. మధన్న షాపులో. మీకు ఫోను చేద్దామని తెర అట్నే వదిలేసి రోడ్డు మీదికొచ్చినా. నేను వెనక్కి పోయేలోగా ఎవురు చూడకూడదో వాళ్లు చూసేసినారు. ఈ పిల్లకు ఏ పాపమూ తెలీదు. నాకోసం సారుకు అబద్ధం కూడా చెప్పింది. మధ్యాహ్నం ఆ లైను మధన్నదని తేలితే ఇది అబద్ధాలకోరు కూడా అవుతుంది. ఇన్ని రోజులుగా నోరు మూసుకున్నా పెద్దయ్యా. భయపడినా. పని పోతుందని, మా పిన్నమ్మ ఇంటితో చెడుతుందని."

డెబోరా అడిగిన మాట రేవతి ఊహించింది కాదు.

"నొక్కేముందు నేను అడిగినాను గదక్కా. యాడున్నావు అని. ఇంట్లోనే అన్నావు."

"అన్నా."

"ఎందుకు?"

"షాపంటే నువ్వు నొక్కవని."

డెబోరా తల తిప్పుకుంది. గట్టిగా అరిచినా, చెయ్యి చేసుకున్నా రేవతి తట్టుకునేది. పాస్‌వర్డు పంచుకోవడం ఇద్దరూ కలిసి చేసిన తప్పు. ఈ అబద్ధం మాత్రం రేవతి ఒక్కదానిది. దాన్ని నమ్మబట్టే ఆ పిల్ల ‘అవును’ నొక్కింది, దాన్ని నమ్మబట్టే ముంజలు మోసుకుంటూ వచ్చింది. రేవతి కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఏడ్చే హక్కు కూడా తనకు లేదనిపించింది.

"కాళ్లు బయటికి తియ్యమ్మా," అన్నాడు పద్మనాభయ్య చివరికి. "మందులో ఎక్కువసేపు ఉంటే మంట పుడుతుంది."

ఆమె ఒక కాలు తీసింది. అప్పుడే చేతిలో ఫోను వణికింది.

‘ఇది మీరేనా?’

రేవతి అలవాటుగా డెబోరా వైపు చూసింది. డెబోరా ఎదురుగానే ఉంది. ఆమె చేతుల్లో ఏమీ లేదు.

"పాపా, నా పేరుతో నువ్వు ఆఖరుసారి ఎప్పుడు పోయినావు?"

"నీ పేరుతోనా? ఉగాది ముందు. మాకు కొత్త ట్రాన్స్‌ఫార్మరు వేసినాక కరెంటు పోతే గదా." చెబుతూనే డెబోరా మొహం మారింది. "ఎందుకక్కా?"

ఉగాది పోయి ఎన్నాళ్లయింది. ఈ వేసవి అంతా రేవతి ఫోను వణుకుతూనే ఉంది. పప్పు తిరగమోత పెడుతూ నొక్కింది. బట్టలు ఆరేస్తూ నొక్కింది. పాపం డెబోరాకు కరెంటు లేదేమో అని జాలిపడి మరీ నొక్కింది. అన్నిసార్లూ లోపలికి వెళ్లింది ఎవరు? ఎంతమంది రైతుల ఫలితాలు వాళ్లకంటే ముందు ఇంకొకరు చదివారు? ఒక్క రోజు చేసిన తప్పు అనుకుని కుమిలిపోయింది. ఇప్పుడు చూస్తే వేసవి పొడుగునా చేసింది.

"ఏందమ్మా అది?" అన్నాడు పద్మనాభయ్య.

"నా పేరుతో ఎవురో ల్యాబులోకి పోతా ఉండారు పెద్దయ్యా. ఇప్పుడే." ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇన్నాళ్లూ ఆమె దాన్ని చదవనే లేదు. మైపాడు రోడ్డు.

డెబోరా దగ్గరికొచ్చి చూసింది. "కాదని నొక్కక్కా. ఇంకెందుకు చూస్తా ఉండావు?"

‘కాదు’ నొక్కితే తలుపు పడిపోతుంది. అవతలివాడు జాగ్రత్తపడతాడు. రేవతి పేరు శుభ్రంగా మిగులుతుంది. మధ్యాహ్నం డెబోరా అబద్ధం మాత్రం బయటపడుతుంది. ‘అవును’ నొక్కితే, డెబోరా పేరు వచ్చిన ఆ లైను మీదనే ఇప్పుడు రేవతి పేరు కనిపిస్తుంది. డెబోరా ఏమో ఇక్కడ, పద్మనాభయ్య ఎదుట, వట్టి చేతులతో ఉంది. అది చాలు ఆమె బయటపడటానికి. రేవతి ఉద్యోగం అక్కడితో సరి.

అంతవరకు లెక్క తేలికగానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. మధు ఊళ్లో లేడు. గూడూరులో పెళ్లిలో ఉన్నాడు. షాపు తాళాలు పెంచల్ దగ్గరున్నాయి. ఆ రోజు బస్తాలు దించింది కూడా పెంచలే.

వేలు ఆగిపోయింది.

"నొక్కద్దక్కా," అంది డెబోరా మెల్లగా. ఆమెకు కూడా అర్థమైనట్టుంది. "కాదని నొక్కు. సారుకు నేను ఏదో ఒకటి చెప్పుకుంటాలే."

ఆ మాట అనకపోయి ఉంటే రేవతి ఏం చేసేదో చెప్పలేం. ఇంత జరిగాక కూడా ఆ పిల్ల తనకోసం ఇంకో అబద్ధానికి సిద్ధపడుతోంది. ఐసులో నానిన ఆ వేళ్లు తన మోచేతిని పట్టుకుని ఉన్నాయి.

రేవతి ‘అవును’ నొక్కింది.

నొక్కి, వెంటనే రాజ్ కుమార్ నంబరుకు చేసింది. అవతల ఇంకా ఎత్తకముందే తెర మీద ఇంకో పేరు వచ్చి పడింది. పెంచల్. పనివేళల్లో ఎప్పుడూ ఫోను చేయని మనిషి.

"చెప్పండి రేవతి గారూ," అంది రాజ్ కుమార్ గొంతు.

"సారూ, నా పేరుతో లోపల ఎవురున్నారో ఇప్పుడే చూడండి," అంది ఆమె. "నేను పద్మనాభయ్య గారి గట్టు దగ్గరుండా. డెబోరా నా పక్కనే ఉంది."

చెవి దగ్గర పెంచల్ ఫోను ఆగకుండా మోగుతూనే ఉంది.